ఈ బొమ్మ ఎవరిది?

అంతర్జాలంలో వెలువడే తెలుగు వ్యాసానికి రాసినవారి పేరు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ వ్యాసం నెత్తిన నిలిచి పాఠకుణ్ణి లోపలికి పిలిచే బొమ్మకు మాత్రం చాలాసార్లు ఏ పేరూ ఉండదు, ఉన్నా 'సౌజన్యం: గూగుల్' అనో 'ఫొటో: ఇంటర్నెట్' అనో ఉంటుంది. సంతలో కనబడిన ఎద్దు ఎవరిదని అడిగితే సంతదని చెప్పడం ఎలాంటిదో, బొమ్మ కింద గూగుల్ పేరు రాయడం అలాంటిదే. వెతికిపెట్టడం వరకే ఆ సంస్థ పని, బొమ్మలకు అది హక్కుదారు కాదు. చూపించే బొమ్మలకు కాపీరైటు ఉండవచ్చునని తన పేజీలోనే హెచ్చరిక కూడా పెడుతుంది. ఉచిత చిత్రం కోసం బయలుదేరినవారు మొదట కనిపెట్టవలసింది ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలను: దాన్ని ఎవరు గీశారు లేదా తీశారు, ఎప్పుడు, వారు జీవించి ఉన్నారా, లేకుంటే ఏ సంవత్సరం మరణించారు, ఇప్పుడు హక్కు ఎవరి చేతిలో ఉంది, ఇతరులు వాడుకోవడానికి వారు ఏ షరతుల మీద ఒప్పుకున్నారు. వీటికి జవాబు దొరికిన బొమ్మ మామూలుదైనా వాడదగినదే. దొరకని బొమ్మ ఎంత ముచ్చటైనదైనా వదిలేయదగినదే.

ఉచితం, స్వేచ్ఛ అనే రెండు వేర్వేరు మాటలు తెలుగులో ఉండడం ఈ విషయంలో కలిసివచ్చే సంగతి. వెల లేకుండా దొరికేది ఉచితం. వాడుకోవడానికి, మార్చుకోవడానికి, తిరిగి పంచడానికి అడ్డు లేనిది స్వేచ్ఛాచిత్రం. గుడిలో పెట్టే ప్రసాదం ఉచితమే గాని, దాన్ని తెచ్చి వీధిలో కొట్టు పెట్టుకునే హక్కు భక్తుడికి దానితోపాటు రాదు. అంతర్జాలంలో డబ్బు అడగకుండా కనబడే బొమ్మల్లో ఎక్కువ భాగం ఈ ప్రసాదం కోవలోనివే. 1947 జూలైలో మొదలైన 'చందమామ' పాత సంచికల స్కాన్ ప్రతులు ఎవరికైనా దొరుకుతాయి, పిల్లలకు చూపించుకోవచ్చు, ముచ్చటపడవచ్చు. అందులోని బొమ్మను కత్తిరించి మరో వ్యాసానికి అతికించడానికి మాత్రం ఆ దొరకడం ఒక్కటే అనుమతి కాదు.

గడువు లెక్క

భారతదేశంలో ఈ లెక్కకు ఆధారం 1957 నాటి కాపీరైటు చట్టం. ఒక రచనకు గాని చిత్రానికి గాని నకలు తీయడం, ప్రచురించడం, మార్పులు చేయడం వంటివాటిపై చట్టం దాని కర్తకు ఇచ్చే ప్రత్యేక హక్కే కాపీరైటు. అది పుట్టడానికి దరఖాస్తు గాని, రిజిస్ట్రేషను గాని, బొమ్మ మూలన గుండ్రని గుర్తు గాని అక్కరలేదు, కాగితం మీద బొమ్మ తయారవడంతోనే హక్కూ పుడుతుంది. చిత్రకారుడి జీవితకాలమంతా, ఆపైన ఆయన మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 సంవత్సరాల పాటు అది నిలుస్తుంది. మొదట ఈ గడువు 50 ఏళ్లే; 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో ముగియవలసి ఉండగా, ప్రభుత్వం చట్టాన్ని సవరించి మరో పదేళ్లు కలిపింది, ఆ పదేళ్లు దేశంలోని ప్రతి రచయితకూ చిత్రకారుడికీ వర్తించాయి. గడువు తీరిన కృతి పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి అనుమతీ అక్కరలేని సార్వజనిక సొత్తులోకి, చేరుతుంది.

ఈ సూత్రాన్ని తెలుగువారికి తెలిసిన చిత్రకారులకు అన్వయిస్తే సంగతి తేటపడుతుంది. 1906లో మరణించిన రాజా రవివర్మ చిత్రాలు, వాటి నుంచి ఆయన ముద్రణాలయం అచ్చువేసి ఇంటింటి గోడకూ చేర్చిన దేవతల పటాలు ఏనాడో అందరి సొత్తయ్యాయి. రాజమహేంద్రవరంలో పుట్టి, 28 ఏళ్లయినా నిండకుండా 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలు కూడా అంతే. 1952లో మరణించిన అడివి బాపిరాజు బొమ్మలకు 2012 చివరతో గడువు తీరింది. 'చందమామ' ముఖచిత్రాలతో తరాలను మురిపించిన వడ్డాది పాపయ్య 1992లో మరణించారు గనుక ఆయన బొమ్మలు 2053 జనవరి 1న గాని స్వేచ్ఛ పొందవు. 2014లో వెళ్లిపోయిన బాపు గీతలకు ఆ రోజు 2075 జనవరి 1. పత్రికలో ఉద్యోగిగా గీసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, పత్రిక యజమాని హక్కుదారు అయ్యే వీలున్నా, గడువు మాత్రం గీసిన మనిషి మరణం నుంచే లెక్కిస్తారు. పుట్టినరోజు శుభాకాంక్షల నుంచి పెళ్లిపత్రికల దాకా బాపు బొమ్మను అందరిదీ అనుకుని వాడే తెలుగు అలవాటు ప్రేమవల్ల వచ్చిందే, కాని చట్టానికి ప్రేమతో పని లేదు.

ఫొటోల సంగతి కొంత మెలికపడింది. 2012 దాకా ఫొటోకు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ల గడువే ఉండేది. ఆ ఏడాది సవరణతో ఫొటోగ్రాఫరు కూడా చిత్రకారుడితో సమానుడై, ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అనే లెక్క వచ్చింది. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లోనే మరణించారు గనుక ఆయన తీసిన హైదరాబాద్ దృశ్యాలు ఏ లెక్కన చూసినా స్వేచ్ఛాచిత్రాలే. సినిమాకు గడువు విడుదల నుంచి 60 ఏళ్లు. ఆ ప్రకారం 1957లో విడుదలైన 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రానికి భారతదేశంలో 2017 చివరతో గడువు ముగిసింది. 2010లో వచ్చిన రంగుల ప్రతి మాటా, పాటల మాటా వేరు. అయితే 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో కాపీరైటు బతికి ఉన్న విదేశీ కృతులకు అమెరికా తన చట్టం కింద ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ ఇచ్చింది. ఈ కారణంగా అదే సినిమాలోని ఒక దృశ్యాన్ని విజయవాడ నుంచి నడిచే వెబ్‌సైటు నిశ్చింతగా వాడుకోగలిగినా, డాలస్ నుంచి తెలుగువారు నడిపే వెబ్‌సైటు 2052 చివరి దాకా ఆలోచించుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. ఘటోత్కచుడు ఒక దేశంలో విడుదలై, మరో దేశంలో బందీగా ఉన్నాడన్నమాట.

బతికున్నవారి అనుమతి

గడువు తీరేదాకా ఆగనక్కరలేకుండా, హక్కుదారు తానే ముందుగా తలుపు తెరిచి ఉంచే పద్ధతికి క్రియేటివ్ కామన్స్ అని పేరు. ఈ పేరుతో 2001లో అమెరికాలో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ, న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెస్సిగ్ తదితరుల చొరవతో, 2002 డిసెంబరులో తొలి లైసెన్సులను విడుదల చేసింది. లైసెన్సు అంటే ఇక్కడ ఫీజు కట్టి తెచ్చుకునే కాగితం కాదు, ఫలానా షరతులు పాటిస్తే ఎవరైనా ఈ బొమ్మను వాడుకోవచ్చునని హక్కుదారు లోకానికంతటికీ ఒకేసారి ఇచ్చే మాట. 'బై' అంటే కర్త పేరు చెప్పాలి. 'ఎస్ఏ' అంటే బొమ్మను మార్చి కొత్తది తయారుచేస్తే దాన్ని కూడా ఇదే షరతుతో పంచాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడరాదు. 'ఎన్‌డీ' అంటే మార్చిన రూపాన్ని పంచరాదు. ఈ నాలుగు ముక్కల కలయికతో ఆరు లైసెన్సులు తయారవుతాయి. ఇవి కాక, 2009లో వచ్చిన 'సీసీ జీరో' అనే పత్రంతో కర్త తన హక్కులన్నిటినీ వదులుకోవచ్చు.

వీటిలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది 'ఎన్‌సీ' దగ్గర. బొమ్మను అమ్ముకోవడం లేదు కదా అని వ్యాసకర్త అనుకుంటాడు. కాని వ్యాసం పక్కన ప్రకటనలు వస్తూ ఉంటే, వాటిమీద ఆదాయం ఉంటే, అది వ్యాపారమే అనే వాదనకు తావుంది. అటువంటి సందిగ్ధం ఉన్నచోట ఆ బొమ్మకు దూరంగా ఉండడమే తెలివైన పని. 2004 సెప్టెంబరులో మొదలై 2023 నాటికి 10 కోట్ల ఫైళ్లను దాటిన వికీమీడియా కామన్స్ అనే బొమ్మల భాండాగారం 'ఎన్‌సీ', 'ఎన్‌డీ' షరతులున్న బొమ్మలను అసలు స్వీకరించదు. బొమ్మ పుట్టిన దేశంలోనూ అమెరికాలోనూ కూడా స్వేచ్ఛ ఉండాలని అడుగుతుంది. ఇంత పట్టింపు ఉండబట్టే వెతుకులాటను అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. అక్కడ ప్రతి బొమ్మకూ ఒక పేజీ ఉంటుంది, బొమ్మకన్నా ముందు ఆ పేజీని చదవాలి.

ఒకే రాయి, మూడు అనుమతులు

అమరావతి స్తూపం గురించి వ్యాసం రాసేవారికి ఎదురయ్యే పరిస్థితి ఈ మొత్తం వ్యవహారానికి చక్కని ఉదాహరణ. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు తరలించిన పాలరాతి వంటి సున్నపురాతి ఫలకాలు 1859లో లండన్ చేరి, చివరికి బ్రిటిష్ మ్యూజియంలో స్థిరపడ్డాయి. ఆ మ్యూజియం వాటి ఫొటోలను తన వెబ్‌సైటులో ఉంచింది, దించుకోవడానికి వెల లేదు. కాని వాటి మీద ఉన్నది 'బై, ఎన్‌సీ, ఎస్ఏ' షరతుల లైసెన్సు. రెండు వేల ఏళ్ల నాటి శిల్పానికి కాపీరైటు ఎక్కడిదని తెలుగు పాఠకుడు కోపగించుకుంటే ఆ కోపంలో న్యాయం ఉంది గాని, చట్టం చూసేది శిల్పాన్ని కాదు, దాని ఫొటోను. బల్లపరుపుగా ఉన్న చిత్రపటాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే అందులో కొత్త సృజన లేదు గనుక కొత్త హక్కు పుట్టదని 1999లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చింది; కృతిలో కనీస మాత్రమైనా సృజనాత్మకత కనబడాలని భారత సుప్రీంకోర్టు కూడా 2007లో తీర్పుల నివేదికల ముద్రణకు సంబంధించిన వ్యాజ్యంలో చెప్పింది. రవివర్మ పటం ఫొటోకు ఈ వాదన నప్పుతుంది. శిల్పం దగ్గరకు వచ్చేసరికి వెలుతురు ఎటునుంచి పడాలో, కెమెరా ఏ కోణంలో ఉండాలో ఫొటోగ్రాఫరే నిర్ణయిస్తాడు గనుక ఆ ఫొటోకు ప్రత్యేకమైన హక్కు వస్తుంది.

అయితే దారి అక్కడితో మూసుకుపోలేదు. అదే మ్యూజియానికి వెళ్లిన సందర్శకులు తమ కెమెరాలతో తీసి, పేరు చెబితే చాలు వాడుకోండని వికీమీడియా కామన్స్‌కు ఇచ్చిన ఫొటోలు ఉన్నాయి. ఇంకొంచెం వెనక్కి వెళితే, ఫలకాలు లండన్‌కు ఓడ ఎక్కకముందే, 1858లో మద్రాసులో లినీయస్ ట్రైప్ అనే సైనికాధికారి వాటిని ఫొటోలు తీశాడు. ఇంకా వెనక్కి వెళితే, 1816 ప్రాంతంలో కాలిన్ మెకంజీ తన చిత్రకారులచేత గీయించిన శిల్పాల రేఖాచిత్రాలు ఉన్నాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో చెదిరిపోయిన, పోగొట్టుకున్న శిల్పాల రూపురేఖలు కొన్ని వాటిలోనే మిగిలాయి. ట్రైప్ ఫొటోలకూ మెకంజీ బొమ్మలకూ హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. నిగనిగలాడే మ్యూజియం ఫొటోకన్నా అవి వ్యాసానికి ఎక్కువ బలం ఇస్తాయి కూడా.

ఇలా పాతవాటిలోకి తవ్వుకుంటూ పోవడం అలవాటైనవారికి తెలుగు నేల బొమ్మలు ఊహించని చోట్ల దొరుకుతాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులచేత ఇక్కడి మొక్కలను గీయించగా, వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాల కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా, మొక్కల తెలుగు పేర్లతో సహా వెలువడ్డాయి. ఆ కాలంలోనే విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో ఈ తీరపు పాములపై బొమ్మలతో పుస్తకం వేశాడు. ఇంగ్లిష్‌లో ఆయన పేరే పెట్టుకున్న రక్తపింజర ఆ పుస్తకంలోకి వెళ్లింది 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే. జీవశాస్త్ర గ్రంథాలను స్కాన్ చేసి ఉంచే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఇటువంటి పాత పుస్తకాల పుటలు కోట్లలో ఉన్నాయి. పాముకాటుపై వ్యాసానికి ఎక్కడిదో తెలియని నాగుపాము ఫొటో అతికించే సంపాదకుడికి, ఈ గడ్డ మీదే పట్టిన పామును చూసి గీసిన బొమ్మ రెండు వందల ఏళ్లుగా సిద్ధంగా ఉందని తెలియకపోవడం విచారకరం. ఆ మొక్కలను గీసిన సామర్లకోట చిత్రకారుల పేర్లు మాత్రం చరిత్రలో నిలవలేదు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో దాదాపు 3,75,000 చిత్రాలను 'సీసీ జీరో' కింద విడుదల చేసింది. అక్కడి సేకరణలో 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాలు కూడా ఉంది. స్మిత్‌సోనియన్ సంస్థ 2020లో 28 లక్షల చిత్రాలతో అదే బాట పట్టింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో తయారుచేసిన కృతులకు ఆ దేశంలో కాపీరైటు ఉండదు గనుక, కృష్ణా గోదావరి డెల్టాలను ఆకాశం నుంచి చూపే నాసా చిత్రాలు కూడా వాడుకోవచ్చు. నాసా ఆ వ్యాసాన్ని సమర్థిస్తున్నట్టు ధ్వనింపజేయకూడదు, అంతే.

అద్దె ఇళ్లు

అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే వంటి సైట్లు అందరికీ తెలిసినవే, అందువల్ల వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో 'సీసీ జీరో'ను వదిలి సొంత లైసెన్సులు రాసుకున్నాయి. వ్యాసంలో ఫొటో పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు గాని ఫొటోలను మూటగట్టి పోటీ సైటు పెట్టడానికో, మార్పు లేకుండా విడిగా అమ్ముకోవడానికో వీల్లేదు. తరువాత అన్‌స్ప్లాష్‌ను గెట్టీ సంస్థ, మిగిలిన రెండింటినీ కాన్వా సంస్థ కొన్నాయి. వీటి అసలు లోటు చట్టంలో లేదు, చూపులో ఉంది. రైతు అని వెతికితే ట్రాక్టరు మీద టోపీ పెట్టుకున్న విదేశీయుడు, అల్పాహారం అని వెతికితే పాన్‌కేకులు ముందు వరుసలో నిలబడతాయి. వరి నాట్ల మీద రాసిన వ్యాసానికి ఇండోనేషియా మెట్లపొలం బొమ్మ పెడితే పాఠకుడు పైకి ఏమీ అనడు, లోపల మాత్రం రాసినవారు ఆ పొలం గట్టు తొక్కలేదని గ్రహిస్తాడు.

బొమ్మకు అనుమతి ఉన్నా, బొమ్మలోని వస్తువుకో మనిషికో వేరే అనుమతి కావలసి రావచ్చు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్నీ, భవనాన్నీ ఫొటో తీసి ప్రచురించడానికి భారత చట్టంలోని 52వ సెక్షను వీలిస్తుంది గనుక హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను ఎవరైనా ఫొటో తీయవచ్చు. ఆ వెసులుబాటు శిల్పానికి, కళాత్మక హస్తకృతికి ఇచ్చినంత స్పష్టంగా చిత్రలేఖనానికి ఇవ్వలేదు. అందువల్ల అదే హుస్సేన్‌సాగర్‌కు దగ్గరలో ఉన్న మక్తా గోడబొమ్మలను వ్యాసానికి ముఖచిత్రం చేసుకునేటప్పుడు గీసినవారిని అడగడం మంచిది. మనుషుల విషయంలో 2007 నాటి ఒక వ్యవహారాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. టెక్సాస్ బాలిక ఒకరి ఫొటోను తీసినవారు ఫ్లికర్‌లో 'బై' లైసెన్సుతో ఉంచగా, వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా విభాగం దాన్ని బస్‌స్టాపుల ప్రకటనల్లో వెటకారపు వ్యాఖ్యతో వాడింది. కుటుంబం అమెరికాలో కోర్టుకెక్కింది, న్యాయపరిధి లేదని దావా కొట్టివేతకు గురైంది. ఫొటోగ్రాఫరు ఇచ్చింది తన హక్కు మాత్రమే, ఆ అమ్మాయి ముఖాన్ని ఎవరూ ఇవ్వలేదు.

నియమం పాటించినా నోటీసు రాదన్న పూచీ లేదు. అమెరికా ఫొటోగ్రాఫరు కరోల్ హైస్మిత్ తన వేలాది ఫొటోలను ప్రజల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చారు. తన ఫొటోనే తన వెబ్‌సైటులో వాడుకున్నందుకు 120 డాలర్లు కట్టమని ఆమెకే నోటీసు వచ్చింది. ఆ ఫొటోలను అమ్ముతున్న గెట్టీ తదితర సంస్థలపై 2016లో ఆమె వేసిన దావాలో కాపీరైటు వాదనలు నిలబడలేదు, ఎందుకంటే అందరి సొత్తయిన బొమ్మను అమ్ముకునే స్వేచ్ఛ కూడా అందరిదే. మరోవైపు, క్రియేటివ్ కామన్స్ పాత లైసెన్సుల్లో పేరు చెప్పడం మరిచిన క్షణమే అనుమతి రద్దయ్యే నిబంధన ఉండడంతో, దాన్ని ఆసరా చేసుకుని భారీ మొత్తాలు అడిగేవారు తయారయ్యారు. 2013లో వచ్చిన 4.0 లైసెన్సు, తప్పు తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే అనుమతి తిరిగి వచ్చే ఏర్పాటు చేసింది. కాబట్టి బొమ్మ కింద శీర్షిక, తీసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు పేరు నాలుగూ రాయడం, దించుకున్న రోజున ఆ పేజీ నకలు దాచుకోవడం అక్కరకొస్తాయి. తిరగేసి వెతికే సాధనాలతో, అంటే బొమ్మనే ఇచ్చి దాని పాత ప్రతులను కనిపెట్టే పద్ధతితో, అసలు మూలాన్ని పట్టుకోవచ్చు. కృత్రిమ మేధ గీసిపెట్టే బొమ్మలు ఈ శ్రమంతా తప్పిస్తాయని కొందరి ఆశ. కాని యంత్రం కల్పించిన 'పాతకాలపు ఫొటో' చరిత్ర వ్యాసంలో చేరితే అది బొమ్మ కాదు, దొంగసాక్ష్యం.

కొరత నిజానికి తెలుగు బొమ్మలదే, అది తీరవలసిందీ తెలుగువారి చేతుల్లోని ఫోన్లతోనే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో పనిచేసేవారు ఊళ్లు తిరిగి తీసిన ఫొటోలను కామన్స్‌కు చేరుస్తూ వచ్చారు. తప్పెటగుళ్ల బృందమైనా, పొందూరు నూలు వడికే చేతులైనా, జొన్నరొట్టె తట్టే పెనమైనా తీసినవారే ఇవ్వాలి. ఇచ్చేముందు అది తమదేనా అని చూసుకోవాలి: డబ్బిచ్చి స్టూడియోవారిచేత తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవారే మొదటి హక్కుదారని భారత కాపీరైటు చట్టం 17వ సెక్షను చెబుతుంది గనుక, పెళ్లి ఫొటోను లోకానికి ఇవ్వగలిగింది ఫొటోగ్రాఫరు కాదు, పెళ్లివారు. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. అయితే తన పేరును ఏ రూపంలో రాయాలో కోరే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది, ఆ కోరిక సమంజసమైనంతవరకు వాడుకునేవారు దాన్ని మన్నించాలి. తాటిముంజెల ఫొటో బ్రెజిల్ పత్రికకు ఎక్కినా, దాని కింద తీసినవారి పేరు తెలుగు లిపిలోనే ఉండాలని అడగవచ్చు.